ఇరవై తేత్రీల నాణెం

నా చేతిలో నాణెం మాయమవుతుంది.
మీ చెవి వెనకాల దొరుకుతుంది.
ఇరవై తేత్రీల బిళ్ల, అంచు కాస్త అరిగింది.
దాన్ని పట్టుకుని తిబిలిసీలో ఎన్ని మేడమెట్లెక్కానో!

పెళ్లిళ్లలో, పుట్టినరోజుల్లో
వైన్ కూజా రెండో చుట్టు తిరిగేసరికి
"ఎతేరీ ఏదీ, పిలవండి" అనేవారు.
రూబిక్ క్యూబు ముప్పై సెకన్లు.
కొమ్ముపాత్రలో వైన్ చుక్క ఒలకకుండా ఒక్క గుక్క.
పియానో ఉన్న ఇల్లయితే ఒకే ఒక్క వాల్ట్జ్,
మొదటి నిమిషంన్నర వాయించి
గభాల్న లేచి, వంగి దణ్ణం పెట్టేదాన్ని.
ఆ తర్వాతి పేజీ నాకు రాదన్న సంగతి
చప్పట్లలో కొట్టుకుపోయేది.

బల్ల చివర ఒక ముసలాయన మాత్రం
తినకుండా వదిలేసిన ఖింకాలీ తొడిమల్ని
పళ్లెంలో లెక్కపెట్టుకుంటూ
"ఎడమచేతి కింద ఒక స్వరం ఏడుస్తోంది,
వినబడలేదూ?" అన్నాడు.
వినబడలేదు.
నేనెప్పుడూ జనాన్నే విన్నాను.

సొలొలాకీలో వలేరియన్ నేలమాళిగ.
పేగులు బయటపడ్డ పియానోలు, జిగురు వాసన, ఒక పిల్లి.
మంగళవారాలు రమ్మన్నాడు.
కూలీ ఇవ్వడు, పైగా నేల ఊడిపిస్తాడు.
అవే మంగళవారాలు నది ఒడ్డు హోటలువాళ్లూ అడిగారు:
బల్లబల్లకీ తిరిగి నాణెం ఆట, రాత్రికి ఎనభై లారీలు.

"ఒక స్వరానికి మూడు తీగలు" అని మొదలుపెట్టాడు
ఆ చలికాలమంతా అక్కడే ఆగిపోయాడు.
ఒక తీగ నోరు ఫెల్టు ముక్కతో మూసి
మిగతా రెంటినీ మోగిస్తే, అవి కలవకపోతే,
మధ్యన ఒక అల లేస్తుంది,
గాలికి గడియపడని తలుపులా
వాఁవ్... వాఁవ్... వాఁవ్...
మీట మీద మణికట్టు వెంట్రుకవాసి కదిలిస్తే
అల సాగుతుంది, ఇంకా సాగుతుంది,
పడుకుంటుంది.
పడుకుందనుకున్నది తెల్లారేసరికి లేచి కూర్చుంటుంది.
"మేకు నీకు భయపడి తిరిగింది,
నమ్మి తిరగలేదు" అనేవాడు.
మళ్లీ మొదటి తీగ.

గొప్పలెందుకు, మూడు మంగళవారాలు ఎగ్గొట్టాను.
హోటలు డబ్బుతో బూట్లు కొన్నాను, మంచి బూట్లు,
ఇప్పటికీ అవే తొడుక్కుంటున్నాను.
మూడో రాత్రి ఎవరో జర్మన్ పెద్దమనిషి
చెవి పక్కకి చెయ్యి పోనిచ్చానో లేదో
గాయని వెనకాల పియానోలో ఆ తలుపు కొట్టుకుంది.
వాఁవ్... వాఁవ్...
వేళ్లు మరిచిపోయాయి. నాణెం సూపు గిన్నెలో పడింది.
అదీ ఆటలో భాగమే అనుకుని
అందరూ పగలబడి నవ్వారు.
అంతకంటే పెద్ద కారణమేదీ నా దగ్గర లేదు.
నాలుగో మంగళవారం చీపురు పట్టుకున్నాను.
వలేరియన్ ఏమీ అడగలేదు. పిల్లి మాత్రం బూట్లు వాసన చూసింది.

ఆరేళ్లయింది.
మొన్న నుగ్జార్ ఇంట్లో విందు.
అందరూ వసారాలో మాంసం కాలుస్తూ, పొగకు దగ్గుతూ.
నేను లోపల "ఎర్ర అక్టోబర్" పియానో ముందు
మూత తీసి, ఊపిరి బిగబట్టి, ముప్పావుగంట.
ఒక కాలు దగ్గర నేల కుంగింది, పెట్టె ఊగుతోంది.
చెక్కముక్క పెడితే ఎక్కువ, అట్టముక్క చాలదు.
జేబు తడిమాను.
సరిగ్గా సరిపోయింది.

రాత్రి సియాలా అత్త కూర్చుని వాయించింది.
మధ్యలో ఆగి, పియానో బుగ్గ నిమిరి
"ముసలి గుర్రం ఇవాళ మంచి మాట మీద ఉందే,
అంతా ఈ వైన్ మహిమ" అంది.
అవునవును అని గ్లాసులెత్తారు. నేనూ ఎత్తాను.
బల్ల చివర వలేరియన్
తొడిమలు లెక్కపెట్టడం ఆపి
కాసేపు కళ్లు మూసుకున్నాడు.
నిద్రేమో. అంత వయసు మరి.

నుగ్జార్ కొడుకు నా కొంగ్రు చొక్కా పట్టి గుంజాడు:
"నాణెం ఆట చూపించవూ?"
రెండు అరచేతులూ చాచి చూపించాను, ఖాళీ.
మాయమైపోయింది, అన్నాను.
వాడు చాలాసేపు
తన చెవి వెనకాల తడుముకుంటూనే ఉన్నాడు.